యూత్ భవనంలో పిల్లల ప్రాజెక్టులు: పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ఏవి నిలబడతాయి, ఏవి ఆగిపోతాయి

క్లుప్తంగా

పిల్లలు ముందు ఒక అంచనా కట్టి, చేసి చూసి, తప్పితే కారణం వెతికి, మళ్లీ చేసినప్పుడే ప్రాజెక్టు చదువు అవుతుంది. బడిలో దానికి టైం దొరకడం కష్టం. ఊరి యూత్ క్లబ్బు దగ్గర టైం ఉంది, మార్కుల టెన్షన్ లేదు. అయితే ఏడాది పొడవునా పట్టించుకునే మనిషి మాత్రం చాలా చోట్ల ఉండరు. దక్షిణ తెలంగాణలో నీళ్లు, మేస్త్రీ పని, మగ్గం, పాత గుళ్లు పిల్లల ప్రాజెక్టులకు దగ్గర్లోనే దొరికే విషయాలు. కిట్లకు పెట్టే ఖర్చు కన్నా, వారానికి రెండు గంటలు పిల్లలతో కూర్చునే మనిషి ఉన్నారా లేదా అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

అయోమయం ఎక్కడ మొదలవుతోంది

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూస్తే మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలో. ఆ నెలన్నర రోజులు ఊళ్లో పిల్లలు పొద్దున్నే బ్యాటు పట్టుకుని వెళ్తారు, ఎండ ముదిరాక ఫోన్ పట్టుకుంటారు. సరిగ్గా ఈ సమయంలోనే ఊరి యూత్ వాళ్లు "పిల్లలకు ఏదన్నా నేర్పిద్దాం" అని ముందుకొస్తుంటారు. పట్టణాల్లో రోబోటిక్స్ క్యాంపులు, సైన్స్ కిట్ల ప్రకటనలు కనిపిస్తాయి. బడి వైపు నుంచి బ్యాగు లేని రోజులు అనే మాట వినిపిస్తుంది. ఇవన్నీ తల్లిదండ్రుల ముందు ఒకే ప్రశ్నగా నిలుస్తాయి: ఇది ఆటా, చదువా? దీంతో పిల్లలకు నిజంగా ఏమొస్తుంది?

ఈ ప్రశ్న తేలకపోవడానికి ‘ప్రాజెక్టు’ అనే మాట కూడా ఒక కారణం. బడిలో ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పనికి మార్కులుంటాయి. ఆ మార్కుల కోసం చాలా ఇళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. స్టేషనరీ షాపులో చార్టు, థర్మకోల్ షీటు, స్కెచ్ పెన్నులు కొంటారు. అక్కో అన్నో బొమ్మ గీస్తారు. ఇంటర్నెట్ సెంటర్లో నాలుగు పేజీలు ప్రింటు తీయిస్తారు. పిల్లలు పేరు, రోల్ నంబరు రాసి ఇచ్చేస్తారు. సౌరకుటుంబం బొమ్మ అందంగానే ఉంటుంది. చంద్రుడు రోజూ ఒకే వేళకు ఎందుకు రాడని అడిగితే మాత్రం జవాబు ఉండదు. తప్పు పిల్లలది కాదు. వాళ్లకు అప్పజెప్పిన పనిలో ఆ ప్రశ్నకు చోటే లేదు.

యూత్ క్లబ్బులో కూడా ఇదే చార్టు పని జరిగితే, బడిలో ఒకసారి చేసిందే మళ్లీ చేసినట్టు. అందుకే ముందు అసలు తేడా ఎక్కడుందో చూడాలి.

వాన కొలిచే సీసా: ఒక చిన్న ప్రాజెక్టు లోపల ఏం జరుగుతుంది

తొలకరి రోజుల్లో ఎవరైనా చేయదగ్గ పని ఒకటి ఉంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, దాన్నే గరాటులా తిరగేసి మళ్లీ సీసాలో పెడతారు. పక్కన స్కేలు అంటిస్తారు. వాన పడ్డాక ఎన్ని మిల్లీమీటర్లు నిండిందో చూసి నోట్‌బుక్‌లో రాస్తారు. ఖర్చు దాదాపు లేదు.

మొదటి వానకే గొడవ మొదలవుతుంది. ఒకే ఊళ్లో, ఒకే వానకు, రెండు వాడకట్టుల పిల్లలు రెండు వేర్వేరు లెక్కలు తెస్తారు. ఎవరిది తప్పు? వెళ్లి చూస్తే ఒక సీసా వేపచెట్టు కింద ఉంటుంది. ఆకులు కొన్ని చుక్కలను ఆపేశాయి. దాన్ని తెరిపి జాగాలోకి మార్చినా లెక్కలు కలవకపోవచ్చు. అప్పుడు సీసా అడుగు చూడాలి. కూల్‌డ్రింక్ సీసా అడుగు పూరేకుల్లా వంపులు తిరిగి ఉంటుంది కాబట్టి కింది భాగంలో నీటి ఎత్తు సరైన కొలత చూపదు. ఆ వంపు మునిగేదాకా ముందే నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టుకోవాలి. గరాటు మూతి, సీసా వెడల్పు సమానంగా ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. ఈ సంగతులన్నీ ముందే చెప్పేస్తే పిల్లలు తలూపి మరిచిపోతారు. లెక్కలు కలవక వాదులాడుకుని, కారణం వాళ్లే పట్టుకుంటే వచ్చే ఏడాది కూడా గుర్తుంటుంది.

తర్వాత లెక్కలోకి దిగొచ్చు. చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. యూత్ భవనం పైకప్పు 40 చదరపు మీటర్లు ఉందనుకుందాం. 20 మిల్లీమీటర్ల వానకు దానిమీద పడే నీళ్లు 800 లీటర్లు. ఏడో తరగతి పుస్తకంలో వైశాల్యం, ఘనపరిమాణం అని విడివిడిగా వచ్చే పాఠాలు ఇక్కడ ఒకే ప్రశ్నలో కలుస్తాయి: ఆ నీళ్లు ఎటు పోయాయి? తెలంగాణలో మండలాల వారీగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వర్షపాతం నమోదు చేస్తున్నాయి. పిల్లలు తమ లెక్కను మండలం లెక్కతో పోల్చుకోవచ్చు. అవి రెండూ ఒకటిగా ఉండవు. మండల కేంద్రంలో దంచికొట్టిన వాన మూడు కిలోమీటర్ల అవతల ఊరికి రాకపోవడం పాలమూరు రైతుకు కొత్త కాదు. పిల్లలకు మాత్రం అది మొదటిసారి అంకెల్లో కనిపిస్తుంది.

ఇక్కడ జరిగింది నాలుగు దశల పని: అంచనా, చేయడం, తప్పడం, మళ్లీ చేయడం. చార్టు ప్రాజెక్టులో రెండో దశ ఒక్కటే ఉంటుంది. మూడోది ఎక్కువ విలువైనది. బడి గంటలో అది పట్టదు. 45 నిమిషాల పీరియడ్‌లో 40 మంది పిల్లలుంటే ప్రయోగం తప్పడం టీచరుకు తలనొప్పి అవుతుంది, సిలబస్ వెనకబడుతుంది. టీచర్లను తప్పుపట్టి లాభం లేదు, ఆ గంట కొలతే అంత.

ఈ ఆలోచన వెనక చరిత్ర

చేతిపని ద్వారా చదువు అనే మాట కొత్తది కాదు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ముందుకు తెచ్చిన నయీ తాలీంకు అదే పునాది. దానికి పాఠ్యప్రణాళిక రాసిన కమిటీకి నాయకత్వం వహించిన జాకీర్ హుస్సేన్ పుట్టింది హైదరాబాద్‌లోనే. కానీ చేతిపని అంటే నూలు వడకడం, అమ్మకానికి సరుకు తయారుచేయడం అనే అర్థమే ఎక్కువగా నాటుకుపోయింది. తమ పిల్లలు మళ్లీ చేతిపనులకే పోవాలా అన్న అనుమానం తల్లిదండ్రులకు వచ్చింది. ఆ అనుమానం ఇప్పటికీ పోలేదు. యూత్ క్లబ్బు వాళ్లు దాన్ని తీసిపారేయకుండా వినాలి.

రెండో మలుపు మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్. 1972లో అక్కడ 16 మిడిల్ స్కూళ్లలో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం పాఠాలనే ప్రయోగాలుగా మార్చింది. పిల్లలు గుంపులుగా కూర్చుని చేసి, చూసిందే రాసేవారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చేవారు. తుక్కుతో సైన్సు బొమ్మలు చేసి చూపే ఇంజనీరు అరవింద్ గుప్తా 1978లో అక్కడికి వెళ్లినప్పుడే సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి ఆకారాలు కట్టే పద్ధతి తయారుచేశారు. అగ్గిపుల్లలతో కట్టిన త్రిభుజం నొక్కినా కదలదు, చతురస్రం వాలిపోతుంది. రేకుల షెడ్డు దూలాల్లో త్రిభుజాలు ఎందుకుంటాయో పిల్లలకు అప్పుడే తెలిసిపోతుంది. ఆ హోషంగాబాద్ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. ముప్పై ఏళ్లు నడిచిన మంచి పని ఒక్క ఉత్తర్వుతో ఆగిపోయిందంటే, ఇలాంటి చదువు బడి వ్యవస్థ మీద మాత్రమే ఆధారపడితే ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

తెలుగు నేల మీద సైన్సును జనంలోకి తీసుకెళ్లే సంస్థ జన విజ్ఞాన వేదిక, దాని ‘చెకుముకి’ పత్రిక ఈ పనిని ఊళ్లకు తెచ్చాయి. 1993 నుంచి దేశమంతా జరిగిన బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్యను తామే పరిశీలించి రాసేవారు. 2016లో నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు మొదలుపెట్టింది. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం, త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు ఇచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. పది రోజులు అనేది మంచి మొదలు. వానల కాలం మాత్రం నాలుగు నెలలు ఉంటుంది.

యూత్ క్లబ్బు ఎందుకు

నెహ్రూ యువ కేంద్రాలు 1972లో వచ్చాయి. వాటి కింద ఊరూరా యువజన సంఘాలు రిజిస్టర్ అయ్యాయి. 2023 అక్టోబర్ 31న ‘మేరా యువ భారత్’ వేదిక మొదలైంది. ఇవన్నీ 15 నుంచి 29 ఏళ్ల వాళ్ల కోసం. అంటే ఎనిమిదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలు కాగితం మీద యూత్ క్లబ్బులో సభ్యులే కారు. నిజానికి వాళ్లు అక్కడే ఉంటారు. వినాయక చవితికి మండపం కట్టేటప్పుడు గూటాలు అందించేది, క్రికెట్ టోర్నమెంట్‌లో బౌండరీ దగ్గర బంతి తెచ్చిచ్చేది వాళ్లే. క్లబ్బు వాళ్లను లెక్కలోకి తీసుకోకపోయినా వాళ్లు క్లబ్బును తమదే అనుకుంటారు.

ఈ ఏర్పాటులో ఒక బలం దాగి ఉంది. బడిలో ఒకే వయసు పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. యూత్ భవనంలో ఇంటర్ చదివే అన్న, ఏడో తరగతి తమ్ముడు, డిగ్రీ ఆపేసి మోటార్ మెకానిక్ అయిన వాడు ఒకే గచ్చు మీద కూర్చుంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతులు చూసి నేర్చుకుంటారు. మండపం కట్టడం కూడా ఒక రకంగా ఇలాంటి చదువే: గుంజ ఎంత లోతు పాతాలి, గాలికి పరదా ఎటు లాగుతుంది, లైట్ల సీరియల్‌లో ఒక బల్బు పోతే మిగతావి ఎందుకు ఆరిపోతాయి. ఎవరూ దాన్ని చదువు అనలేదు, అంతే.

పాత ఆటవస్తువులను కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. ముంజకాయల బండి, జొన్న బెండ్లతో కట్టే ఎడ్లబండి, మామిడి టెంకతో చేసే బూర ఈ నేల పిల్లల చేతుల్లో పుట్టాయి. ముంజకాయ బండి ఇరుసు బిగుతుగా ఉంటే చక్రం తిరగదు, వదులైతే ఊగుతుంది. ఆ మధ్యస్థం పట్టుకున్న పిల్లలకు ఘర్షణ గురించి పాఠంలో కొత్తగా చెప్పాల్సింది కొంచెమే.

నల్లగొండ నీళ్లు: ప్రాజెక్టుగా, జాగ్రత్తగా

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నారాయణపూర్ ప్రాంతాల పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి కరుగుతుంది. కాల్షియం తక్కువగా ఉండి క్షార గుణం ఎక్కువగా ఉన్న నీళ్లలో అది ఎక్కువ నిలుస్తుంది. తాగునీటిలో భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. పళ్ల ఎనామిల్ తయారయ్యే చిన్న వయసులో, సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే పళ్ల మీద మచ్చలు వస్తాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోయి వంగిపోతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించింది. దానికి ప్రపంచమంతా వాడే పేరు ‘నల్లగొండ టెక్నిక్’. మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చాక తాగునీటి పరిస్థితి మారింది. బోరింగులు, బోర్లు మాత్రం ఊళ్లలో ఇంకా ఉన్నాయి.

పిల్లలతో ఇక్కడ చేయించదగ్గ మంచి ప్రయోగం ఒక అపోహ మీద. నీళ్లు మరగబెడితే అన్నీ పోతాయని చాలామంది నమ్ముతారు. మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఆవిరై పోయేది నీరు మాత్రమే కాబట్టి మిగిలిన దాంట్లో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లను సగం అయ్యేదాకా మరిగిస్తే లెక్క దాదాపు 4 అవుతుంది. దీన్ని చూపడానికి ఫ్లోరైడ్‌తో పనిలేదు, ఉప్పు చాలు. నీళ్లలో ఉప్పు కరిగించి, పచ్చి కోడిగుడ్డు ఇంకా మునుగుతూ ఉండగానే ఆపాలి. ఆ నీళ్లను పెద్దవాళ్లు పొయ్యి మీద సగం అయ్యేదాకా మరిగించి పూర్తిగా చల్లారనివ్వాలి. మళ్లీ గుడ్డు వేస్తే తేలుతుంది. గుడ్డు అదే, ఉప్పు అంతే, తగ్గింది నీళ్లే. ఇది ఒక్కసారి చూసిన పిల్లలు ఇంటికెళ్లి అమ్మకు, నానమ్మకు చెప్పకుండా ఉండలేరు. నీళ్లు తేటగా ఉంటే మంచివే అన్న నమ్మకం కూడా ఇక్కడే కదులుతుంది. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏవీ లేవు.

తర్వాతి మెట్టు ఊరి నీటి పటం. చార్టు మీద వాడకట్టులు గీసి, ఏ బోరింగు ఎక్కడుంది, ఎంత లోతు, ఎవరు దేనికి వాడతారో పిల్లలు అడిగి రాస్తారు. ఫీల్డ్ కిట్‌తో చేసే ఫ్లోరైడ్ పరీక్షలో రంగు మార్పు చూస్తారు. గులాబీ రంగు పసుపు వైపు మళ్లుతున్న కొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువ. కిట్‌లోని ద్రావణంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి అది పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, పిల్లలు రంగు పోల్చి రాయాలి. కిట్ చూపేది సుమారు లెక్క. తాగాలా వద్దా అన్న నిర్ణయం ల్యాబ్ పరీక్ష మీదే ఆధారపడాలి.

ఇక్కడ సైన్సుతో పాటు ఊరి సంబంధాలూ ఉంటాయి. ఎవరి బోరులో ఫ్లోరైడ్ ఎక్కువని గోడ మీద రాస్తే ఆ ఇంటివాళ్లు నొచ్చుకుంటారు. నీళ్ల ప్లాంటు నడిపే వాళ్లకు అనుమానం వస్తుంది. ముందే వార్డు మెంబరుకు, ఆ ఇళ్లవాళ్లకు చెప్పి, పటంలో ఇంటి పేరు బదులు నంబరు పెట్టడం మేలు. ఈ మర్యాద కూడా పిల్లలు నేర్చుకోవాల్సిన సంగతే.

పానగల్లు నీడ

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భాలయాలున్న గుడి అది. ఒక గర్భాలయంలో స్తంభం నీడ పొద్దంతా ఒకేచోట కనిపిస్తుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదన్నది చూసినవాళ్లందరి ప్రశ్న.

ఒక అట్టపెట్టెతో దీన్ని పరీక్షించవచ్చు. చెప్పుల డబ్బా ఒక వైపు గోడలో చిన్న కిటికీ కోయాలి. లోపల ఎదుటి గోడకు తెల్లకాగితం అంటించి, మధ్యలో పెన్సిల్‌ను స్తంభంలా నిలబెట్టాలి. టార్చి వెలుగు నేరుగా కిటికీలోంచి పడేలా పట్టుకుని జరుపుతుంటే పెన్సిల్ నీడ కూడా జరుగుతుంది. తర్వాత కిటికీకి పల్చటి తెల్లకాగితం అడ్డం అంటించి, బయట టార్చిని అటూ ఇటూ జరపాలి. ఇప్పుడు లోపలికి వెలుగిచ్చేది టార్చి కాదు, వెలుగుతున్న కాగితం. కాగితం కదలదు కాబట్టి నీడ కూడా దాదాపు అక్కడే ఉంటుంది, కొంచెం మసకబారుతుంది. గుడిలో కూడా నేరుగా ఎండ తగలకుండా, ఆరుబయటి వెలుతురు చెదిరి నిర్ణీత ద్వారాల గుండా లోపలికి వస్తుందన్నది భౌతికశాస్త్రం వైపు నుంచి వచ్చే వివరణ. పిల్లలు డబ్బాలో కిటికీల సంఖ్య, స్తంభాల చోటు మార్చి చూస్తే దాన్ని తామే బేరీజు వేసుకోగలరు. ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన కట్టడం ముందు నిలబడి, దాన్ని కట్టినవాళ్ల తెలివికి తలవంచాలనిపించేది ఈ ప్రయోగం చేసిన తర్వాతే.

మేస్త్రీలు, నేతగాళ్లు, మర్రిచెట్టు

పాలమూరు కూలీలు దేశంలోని పెద్ద పెద్ద ఆనకట్టల దగ్గర మట్టిపని, రాతిపని చేశారు. వలస వెళ్లి తిరిగొచ్చిన మేస్త్రీ లేని ఊరు ఈ వైపు అరుదు. పునాది మూల సరిగ్గా ఉందో లేదో చూడటానికి దారంతో ఒక పక్క మూడడుగులు, మరో పక్క నాలుగడుగులు కొలిచి, ఆ రెండు గుర్తుల మధ్య ఐదడుగులు వస్తుందా అని ఆయన చూస్తాడు. పదో తరగతిలో పైథాగరస్ సిద్ధాంతం అదే. పారదర్శక పైపులో నీళ్లు నింపి రెండు గోడల మట్టం చూసే పద్ధతిలో, పైపులో గాలిబుడగ ఉంటే లెక్క తప్పుతుంది. కావాలనే బుడగ ఉంచి, తప్పు ఎక్కడుందో పిల్లలనే పట్టుకోమనడం మంచి ఆట. తన తండ్రి ఊళ్లో పిల్లలందరి ముందు నిలబడి పాఠం చెప్పడం ఒక వలస కూలీ కొడుక్కి ఏమిస్తుందో కొలవడానికి పరీక్ష లేదు.

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలు మూడూ ఈ ప్రాంతానివే. పోచంపల్లి నేతలో నూలుకు ముందే రంగులద్దే చిటికి కట్టడంలో రంగు అంటకూడని చోట నూలును సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. పిల్లలు తెల్లదారపు చిలపను అక్కడక్కడ రబ్బరుతో కట్టి పసుపు నీళ్లలో ముంచి చూడొచ్చు. గ్రాఫ్ కాగితం మీద గీసిన డిజైన్‌లో ఒక్కో గడి నేతలో కొన్ని పోగులకు లెక్క. మొబైల్ తెర మీద బొమ్మ గడులుగా ఏర్పడటానికీ దీనికీ పోలిక చూపితే పిల్లలకు వెంటనే అందుతుంది.

ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం కథ ఇక్కడ చెప్పాలి. ఆసు పోయడమంటే నేతకు ముందు నూలు పోగులను మేకుల చుట్టూ చేత్తో చుట్టడం. ఆరో తరగతితో చదువు ఆగిన ఆయన, చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడించి ఆసు పోసే తల్లి భుజాల నొప్పి చూడలేక 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టారు. అది పూర్తిగా పనిచేసింది 1999లో. 2017లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలకు ఎక్కువగా చెప్పేది ఆ పురస్కారం గురించే. మధ్యలో ఏడేళ్లు ఏ భాగం పనిచేయలేదు, ఏది మార్చి చూశారు అన్నదే వాళ్లకు ఎక్కువ పనికొచ్చే భాగం.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర కూడా ఒక ప్రాజెక్టు ఉంది. 2018లో చెదలు పట్టిన కొమ్మలకు సెలైన్ సీసాలతో చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించిన చెట్టు అది. ఊళ్లోని ఏ మర్రి దగ్గరైనా ఊడ నేలను తాకి కాండంగా మారడాన్ని నెలకోసారి దారంతో చుట్టుకొలత తీసి రాయవచ్చు. తొందరపడకుండా కొలిచే అలవాటు దీంతో వస్తుంది.

కిట్టు కొనాలా, తుక్కు చాలా

రోబోటిక్స్ కిట్లు పనికిరానివని అనడం సరికాదు. మోటారు, సెన్సర్, కోడ్ మూడూ కలిసి పనిచేయడం చూసిన పిల్లలకు ఒక కొత్త లోకం తెరుచుకుంటుంది. ఇబ్బంది మరోచోట ఉంది. కిట్‌లో ముక్కలన్నీ సరిగ్గా అమరేలా ముందే తయారై ఉంటాయి. కాగితంలో రాసినట్టు బిగిస్తే బండి కదులుతుంది. తప్పు జరిగే అవకాశం తక్కువ కాబట్టి ఆలోచించే అవకాశం కూడా తగ్గుతుంది. ఒక వైరు తెగినా, ఒక బోర్డు కాలినా ఊళ్లో బాగుచేసే వాళ్లు దొరకరు. పగిలిపోతుందేమోనన్న భయంతో కిట్టును బీరువాలో పెట్టి తాళం వేస్తారు, వచ్చిన అతిథులకు మాత్రం చూపిస్తారు. సైకిల్ ట్యూబు, డబ్బా మూత, పాత చెప్పు అట్ట పాడైతే ఎవరికీ బాధ లేదు. మొదటి ఏడాది తుక్కుతో నడిచి, పిల్లలు తామే ఏం కావాలో అడిగే స్థితికి వచ్చాక కిట్టు కొంటే అది వాడకంలో ఉంటుంది.

డబ్బు కన్నా సామాను పెట్టుకునే చోటు ముఖ్యం. సగంలో ఉన్న పని వచ్చే ఆదివారం దాకా కదలకుండా ఉండాలంటే ఒక అల్మారా, దానికో తాళం కావాలి.

ఎందుకు ఆగిపోతాయి

మొదటి కారణం వలస. పిల్లలను పట్టించుకునేది సాధారణంగా ఇంటర్, డిగ్రీ చదివే ఒకరిద్దరు. వాళ్లు కోచింగ్‌కో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లగానే పని ఆగుతుంది. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలను మొదటి రోజు నుంచే చిన్నవాళ్లకు చూపించే బాధ్యతలో పెట్టిన చోట ఇది కొంత తగ్గుతుంది.

రెండోది ప్రదర్శన మోజు. ముఖ్య అతిథి వస్తున్నారంటే పిల్లల పని పక్కకు పోయి పెద్దవాళ్లు బొమ్మలకు రంగులు వేయడం మొదలవుతుంది. బహుమతి ఒకరికిస్తే మిగతా పిల్లలు రావడం మానేస్తారు. ప్రదర్శన పెట్టినా, తప్పిన ప్రయోగాలకు కూడా ఒక బల్ల కేటాయిస్తే పిల్లల మాటలే మారిపోతాయి.

మూడోది ఆడపిల్లలు. యూత్ భవనం అంటే మగపిల్లలు క్యారమ్ ఆడే చోటు అన్న పేరు చాలా ఊళ్లలో ఉంది. అమ్మాయిలు గడప దాటి రాకపోతే సగం మంది పిల్లలు మొదటే పోయినట్టు. మహిళా సంఘం భవనంలోనో, బడి వరండాలోనో, సాయంత్రం చీకటి పడకముందే, ఒక అక్క దగ్గరుండి నడిపితే తల్లులు పంపుతారు. దళితవాడ, ఊరు అన్న ఎడం కూడా ఇలాగే. చోటు ఎక్కడ పెట్టారన్నదే ఎవరు వస్తారో తేలుస్తుంది.

జాగ్రత్తల విషయంలో ఒక్క ప్రమాదం చాలు, అంతా ఆగిపోవడానికి. 1.5 వోల్టుల సెల్లులతోనే కరెంటు ప్రయోగాలు చేయించాలి. గోడ ప్లగ్గు, బోరు స్టార్టర్ జోలికి పిల్లలను పోనివ్వకూడదు. నీటి పటం కోసం పాడుబడ్డ బావుల దగ్గరికి పంపకూడదు. పురుగుమందు డబ్బాలు కడిగినవైనా ప్రాజెక్టుకు వాడకూడదు. పత్తి పండే ఊళ్లలో ఈ చివరి మాట గట్టిగా చెప్పాలి. మే నెల ఎండలో పదకొండు దాటితే పని లోపలే జరగాలి.

ఏం ఆశించవచ్చు

మూడు నెలల్లో మార్కులు పెరుగుతాయని చెప్పి పిల్లలను రప్పిస్తే ఆ మాట నిలవదు, తల్లిదండ్రుల నమ్మకం పోతుంది. ముందుగా కనిపించే మార్పులు వేరే. పిల్లలు "ఎందుకు?" అని అడగడం పెరుగుతుంది. ఒకరి లెక్కను ఇంకొకరు ప్రశ్నిస్తారు. కొలత రాసేటప్పుడు తేదీ, చోటు రాయడం అలవాటవుతుంది. తెలుగు సరిగ్గా రాయలేని పిల్లలు కూడా తాము చూసిన సంగతి గురించి నాలుగు వాక్యాలు రాయడానికి కష్టపడతారు. చదవడం, రాయడం వెనకబడ్డ పిల్లలకు ఇది పెద్ద సాయం. అయితే పక్కన కూర్చుని దిద్దేవాళ్లు ఉండాలి. ప్రయోగం ఒక్కటే చదవడం నేర్పదు.

ఊరికి వచ్చే లాభం ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఒక్క ఏడాది వాన లెక్కతో ఏమీ తేలదు. ఐదేళ్ల లెక్క ఒకే నోట్‌బుక్‌లో ఉంటే, ఏ నెలలో ఎన్ని రోజులు వాన తప్పింది, ఏ వానకు చెరువు అలుగు పోసింది అన్నది రైతులే వచ్చి అడుగుతారు. అందుకే ఆ నోట్‌బుక్ ఏ ఒక్క పిల్లవాడి ఇంట్లోనో ఉండకూడదు. అట్ట వేసి, పేజీలకు నంబర్లు పెట్టి, యూత్ భవనం అల్మారాలో ఉంచాలి. ఈ వానాకాలం రాసిన ఎనిమిదో తరగతి పిల్ల, పదో తరగతి పరీక్షలు అయ్యాక, ఆ పుస్తకాన్ని ఆరో తరగతి పిల్ల చేతికి ఇచ్చి, సీసాలో సున్నా గీత ఎక్కడ పెట్టాలో చూపించి వెళ్లాలి.